ఇరవై రెండో అంతస్తులో బల్లి

అక్టోబరు 9

రైల్లో సీటు దొరికింది కాబట్టి రాస్తున్నాను. ఇంట్లో రాయడానికి లేదు. నేను పెన్ను పట్టుకుంటే చాలు, అత్తయ్య వచ్చి భుజం మీంచి తొంగి చూసి "మా గురించేనా?" అంటుంది. మీ గురించే అత్తయ్యా. ఇంకెవరి గురించి రాస్తాను?

నిన్న మా అమ్మాయి తౌతౌని మాటల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. మిస్ యిప్ అట. చిన్నపిల్ల. చదువు నిన్ననే పూర్తయినట్టుంది.

"రెండేళ్ళ ఎనిమిది నెలలు కదా. ఏమేం మాటలు వచ్చు?"

"ఒకటి. ఫాన్."

అన్నానికి ఫాన్, ఆకలికి ఫాన్, తిందాం రా అనడానికీ ఫానే. కూతురు తిండిపోతని డాక్టరు ముందు ఒప్పుకున్నట్టయింది.

"ఇంకా?"

"ఇంకేం లేవు. చప్పుళ్ళు చేస్తుంది."

"ఎలాంటివి?"

చెప్పడానికి సిగ్గేసింది. పాల గ్లాసు చూస్తే క్వత్ క్వత్. నూడుల్స్ చూస్తే సోక్ సోక్. కాల్చిన పంది మాంసం మీద కరకరలాడే చర్మం చూస్తే పొక్ పొక్. ఇదంతా మా అత్తగారు నేర్పిన విద్య. పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని వస్తువు పేరు చెప్పదు, అది నోట్లో చేసే గోల చెబుతుంది. "ఇది ఏమంటుందే? పొక్ పొక్ అంటుంది!" ఇద్దరూ కలిసి నవ్వుకుంటారు.

మిస్ యిప్ కూడా నవ్వింది. నేను నవ్వలేదు. నేను బడి పుస్తకాలు దిద్దే మనిషిని. అచ్చుకెక్కనిది నా లెక్కలో మాట కాదు. ఎవరైనా పాఠంలో పొక్ పొక్ అని రాస్తే ఎర్ర పెన్నుతో కొట్టేసేది నేనే.

"ఆ చప్పుళ్ళు కూడా..." అని ఆ అమ్మాయి ఏదో మొదలుపెట్టింది. "మాటలు ఎప్పుడొస్తాయో చెప్పండి" అని అడ్డుపడ్డాను.

"ఈ వయసుకి రెండు మాటలు కలపాలండీ. ఎవరు, ఏమిటి, అంతే. 'అమ్మా, అన్నం' లాంటిది. అలా కలిపిన రోజు నాకు ఫోన్ చెయ్యండి."

అమ్మా, అన్నం! అన్నం ఉంది. అమ్మే లేదు.

అక్టోబరు 11

నవంబరు 15న బడి ఇంటర్వ్యూ. కొవ్‌లూన్ టోంగ్ పేటలోని పేరున్న బడి. అందులో చోటు దొరికితే పెద్ద బడి దాకా దారి సాఫీగా ఉంటుందని ఆఫీసులో ప్రతి తల్లీ చెప్పింది.

"మూడేళ్ళు నిండని పిల్లకి ఇంటర్వ్యూ ఏంటి? బ్యాంకులో ఉద్యోగమా?" అన్నాడు లామ్. మా ఆయన లిఫ్టులు బాగు చేస్తాడు. రోజంతా పైకీ కిందికీ తిరిగే మనిషికి మధ్యలో ఇరుక్కున్న వాళ్ళ బాధ తెలియాలి కదా. తెలియదు.

బొమ్మల కార్డులు కొన్నాను. ఆపిల్ కార్డు చూపించాను. "ఇది ఏంటమ్మా?"

"పొక్ పొక్."

"కాదు. ఆపిల్."

"పొక్ పొక్!"

ఒళ్ళు మండింది. వంటింట్లోంచి అత్తయ్య అరిచింది: "అది చెప్పింది కరెక్టే! మెత్తబడిన ఆపిల్ అయితే అలా అనదు!"

అక్టోబరు 13

పొద్దున నానా గొడవ. తౌతౌ కళ్ళు నులుముకుంటూ వచ్చి "మా మా" అంది.

మా భాషలో గొంతు దించి అంటే నాయనమ్మ, పైకెత్తి అంటే అమ్మ. నా కూతురు దించనూ లేదు, ఎత్తనూ లేదు. మధ్యలో పెట్టి వదిలేసింది.

"నన్నే" అంది అత్తయ్య, చేతిలో గరిటెతో సహా.

"నన్ను చూస్తూ అంది అత్తయ్యా."

"చూపు నీ మీద, మాట నా మీద."

తీర్పు చెప్పమని లామ్‌ని అడిగితే "ఆవులించిందేమో" అన్నాడు. పిల్ల మళ్ళీ అనలేదు. రెండు సార్లు అడిగి చూశాను. కోడి వెళ్ళి బాతుతో మాట్లాడినట్టే అయింది.

అక్టోబరు 14

ఇంట్లో బల్లి ఉంది.

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్నాను. ఆలస్యమైంది, సంచి జిప్పు పట్టడం లేదు, ఇనుప జాలీ తలుపు తాళం మళ్ళీ మొరాయించింది. బాగు చెయ్యమని లామ్‌కి ఎన్నిసార్లు చెప్పాను! ఊళ్ళో అందరి లిఫ్టులూ బాగవుతాయి, మా తాళం మాత్రం కాదు. తౌతౌ వచ్చి నా వెనక నిలబడి నాలుకతో ట్చ్ ట్చ్ అంది. అచ్చం బల్లి. ఎక్కడో గోడ మీద విని నేర్చుకుని ఉంటుంది. తినే చప్పుళ్ళు చాలనట్టు ఇప్పుడు పురుగూ పుట్రా కూడా.

తిరిగొచ్చాక అడిగాను. "వంటింట్లో బల్లి తిరుగుతోందా?"

"ఇరవై రెండో అంతస్తులో బల్లి ఎక్కడిదే?" అంది అత్తయ్య. "లిఫ్టెక్కి వచ్చిందా?"

"మరి తౌతౌ ట్చ్ ట్చ్ అంటోంది కదా."

అత్తయ్య నోరు తెరిచింది. లామ్ మళ్ళీ వేడి చేసిన చారు గిన్నె ఆమె ముందుకు తోశాడు. "చల్లారిపోతుందమ్మా, తాగు." తర్వాత నా వైపు చూడకుండా, "బల్లే అయ్యుంటుంది. చూస్తాలే" అన్నాడు.

మొదటిసారి నా మాట ఒప్పుకున్నాడు.

అక్టోబరు 16

ప్చ్.

అక్టోబరు 19

ఆదివారం టీ హోటల్. ఎప్పటి బల్లే, ఎప్పటి గోలే.

(టేబుల్ అని రాయబోయి బల్లే అని రాశాను. బుర్రంతా అదే.)

అత్తయ్య కోడికాళ్ళ గిన్నె ముందుకు లాక్కుని మొదలుపెట్టింది. తాప్ తాప్ తాప్. పెదవులు, నాలుక, అంగిలి, అన్నీ పనిలోకి దిగుతాయి. పక్క టేబుల్ వాళ్ళు తలలు తిప్పుతారేమోనని నా ప్రాణం విలవిల్లాడింది. ఎవరూ తిప్పలేదు. వాళ్ళూ అదే పనిలో ఉన్నారు.

తినే ముందు చిన్నవాళ్ళు పెద్దవాళ్ళని ఒక్కొక్కరినీ పిలవాలి. పిలవందే చాప్‌స్టిక్ ముట్టకూడదు. అత్తయ్యకి ఇది వేదవాక్కు. తౌతౌ గడ్డం పట్టుకుని, "ఏదీ, అందర్నీ పిలువు. అమ్మని కూడా పిలువు" అంది.

"దానికి మాటలు రావని తెలిసి కూడా నలుగురిలో ఎందుకు అడుగుతారు?" అన్నాను.

"ఇంట్లో రోజూ పిలుస్తుందే. నీ కుర్చీని కూడా పిలుస్తుంది."

"ఏమని?"

అత్తయ్య లామ్ వైపు చూసింది. లామ్ టీ పోస్తున్నాడు. టీ కప్పు దాటి పొర్లింది.

"పిల్ల కదా, ఏదో అంటుంది" అంది అత్తయ్య.

ఏదో అంటే క్వత్ క్వత్, సోక్ సోక్. నాకు తెలియదూ? ఇంటికొచ్చేటప్పుడు అత్తయ్యకి చెప్పేశాను. ఇంటర్వ్యూ అయ్యేదాకా పిల్ల ముందు చప్పుడు లేకుండా తినండి. పిల్లకి వినిపించేవి మాటలు కావాలి.

"తాప్‌మంటేనే కదే రుచి తెలిసేది. నోరు మూసుకుని తింటే డబ్బాలో అన్నం పోసినట్టే. డబ్బాకి తెలుస్తుందా ఉప్పు తక్కువైందని?"

"ఒక్క నెల అత్తయ్యా."

ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. బస్సు దిగేదాకా తిరిగి చూడలేదు. పర్వాలేదు. ఎవరో ఒకరు చెడ్డవాళ్ళు కావాలి.

అక్టోబరు 22

ఆవిడ మాట నిలబెట్టుకుంది. మా ఇంట్లో నిశ్శబ్దం. ఎంతో హాయిగా ఉంది.

అక్టోబరు 23

హాయిగానే ఉంది.

నిన్న నేనొచ్చేసరికి అందరి భోజనాలూ అయిపోయాయి. రోజూ అంతే. వసంతకాలం టర్ము పుస్తకాలు అచ్చుకి వెళ్ళాలి. వాళ్ళు ఆరున్నరకి తింటారు, నేను ఎనిమిదికి చేరతాను. మూత పెట్టిన గిన్నెలోది వంటింట్లో నిలబడే తినేస్తాను, ఒక చేత్తో గిన్నె, ఒక చేత్తో దిద్దాల్సిన ప్రూఫులు. శని ఆదివారాలు కూడా గదిలో ప్రూఫులే. మీరు తినండి, నేను తర్వాత తింటా అంటాను. కూర్చుని తింటే పని ఎవరు చేస్తారు?

లామ్ చెప్పాడు. భోజనాల దగ్గర తౌతౌ తన బామ్మ నోరు చూస్తూ కూర్చుందట. కాసేపటికి ఒళ్ళోకి ఎక్కి, రెండు చేతులతో పెదవులు పట్టుకుని లాగి, "తాప్? తాప్?" అందట. ఆవిడ నోరు విప్పలేదట. పిల్ల ఏడిచిందట.

"తాప్ తాప్ అంటే చప్పుడు కాదు, అది మా అమ్మ పేరు" అన్నాడు లామ్. "నేను క్వత్ క్వత్. చారు తాగేటప్పుడు గొంతులో వినిపిస్తుంది కదా, అందుకు. నిన్నటిదాకా ఎవరి పేరు వాళ్ళకుండేది. ఇప్పుడు మా అమ్మ ఎవరో దానికి తెలియడం లేదు."

ప్రూఫులు ముందేసుకున్నాను. నాలుగు పేజీలు దిద్దాక చూస్తే ఒక్క తప్పూ పట్టలేదు.

వాళ్ళిద్దరికీ పేర్లున్నాయి. మరి నాకు?

అక్టోబరు 26

పోనీ, పిల్ల దారిలోకే వెళ్దాం అనుకున్నాను. నేను వాళ్ళతో తినను కాబట్టి నా చప్పుడు దానికి తెలియదు. తెలిస్తే పేరు పెడుతుంది. కనీసం అది నన్ను పిలిచినట్టవుతుంది. అమ్మా అనే మాట తర్వాత చూసుకోవచ్చు.

గుడ్డు చుట్టల బిస్కెట్ల డబ్బా కొన్నాను. పట్టుకుంటే విరిగిపోయేవి. మధ్యాహ్నం తౌతౌని ఎదురుగా కూర్చోబెట్టి, నోరు పెద్దగా తెరిచి కరకర కరకర నమిలాను. అరడజను తినేశాను. ఒళ్ళంతా పొడి.

"ఏదీ, అమ్మ ఏమంటోంది?"

నన్నే చూసింది. చుట్టల వైపు చూసింది. డబ్బాలో చెయ్యి పెట్టి ఒకటి తీసి "పొక్ పొక్" అంది. అది చుట్ట పేరు. బాగానే ఉంది.

"మరి అమ్మ?"

నవ్వి నా ముక్కు మీద వేలు పెట్టింది. "ట్చ్ ట్చ్."

మళ్ళీ బల్లి! సరిగ్గా ఇప్పుడే రావాలా? వెనక్కి తిరిగి గోడంతా వెతికాను. ఏం లేదు. తెలివైన జంతువు. నాకొచ్చిన ఒక్క అవకాశం కూడా అదే తన్నుకుపోయింది.

అక్టోబరు 28

బల్లి అంటుకునే జిగురు అట్టలు తెచ్చాను. ఫ్రిజ్ వెనక ఒకటి, పొయ్యి కింద ఒకటి, చెప్పుల అల్మారా దగ్గర ఒకటి. లామ్ మోకాళ్ళ మీద పాకుతూ పెట్టాడు. పెడుతూ నవ్వుకున్నాడనిపించింది. "ఏంటి నవ్వుతున్నావు?" అంటే "దగ్గు" అన్నాడు.

అక్టోబరు 29

అత్తయ్య చెప్పు దొరికింది. బల్లి దొరకలేదు.

నవంబరు 4

ఆఫీసులో పక్క సీటు ఫంగ్ గారు ఇవాళ నన్ను అందరి ముందూ ఏడిపించింది. "క్వాన్, నీ టేబుల్ కింద ఏం పెంచుతున్నావు? రోజంతా చిటుక్కు చిటుక్కుమంటూనే ఉంటుంది!" అందరూ నవ్వారు. నాకేం అర్థం కాలేదు. ఇంట్లో బల్లి సంగతి ఈవిడకి ఎవరు చెప్పారు?

మూడో తరగతి పాఠంలో ఒక రచయిత, తాత నూడుల్స్ సోక్ సోక్‌మని జుర్రుకున్నాడని రాశాడు. కొట్టేసి 'ఇష్టంగా తిన్నాడు' అని రాశాను. అది మాట.

నవంబరు 10

కార్డులు. ఆపిల్ పొక్ పొక్. పాలు క్వత్ క్వత్. కుక్క బొమ్మకి చాలాసేపు ఆలోచించి "ఫాన్" అంది. కుక్కని ఎవరైనా తింటారా? ఆకలేస్తోందేమో కుక్కకి. నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. తల ప్రాణం తోకకొచ్చింది.

"గొప్పవాళ్ళకి మాట ఆలస్యంగా వస్తుంది" అంది అత్తయ్య.

"గొప్పవాళ్ళని బళ్ళో చేర్చుకోరు" అన్నాను.

నవంబరు 15

రాయాలని లేదు.

నవంబరు 16

రాస్తాను. రాయకపోతే ఇది నా తలలోనే తిరుగుతుంది.

చిన్న గది, చిన్న కుర్చీలు. నేను కూడా చిన్న కుర్చీలోనే కూర్చోవాలి, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా. టీచరు మోక్ ఎంతో తియ్యగా మాట్లాడింది. తౌతౌ కూడా బుద్ధిగా కూర్చుంది. గులాబీ రంగు గౌను, రెండు పిలకలు. అది చూసి నాకు కాస్త ఆశ పుట్టింది. ఆశ పుట్టడమే నేను చేసిన తప్పు.

"పొద్దున ఏం తిన్నావమ్మా?"

"సోక్ సోక్."

"ఓహో. మరి ఇది?" ఆపిల్.

"పొక్ పొక్."

టీచరు నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

"మంచిది. ఇవాళ నువ్వు ఎవరితో వచ్చావో చెప్పు?"

తౌతౌ నా వైపు తిరిగింది. చెయ్యి చాపి, నా భుజం వైపు వేలు చూపించి, గట్టిగా, స్పష్టంగా, ఇంటర్వ్యూ మొత్తంలో ఎక్కడా లేనంత ధీమాగా చెప్పింది.

"ట్చ్ ట్చ్."

భుజం మీద బల్లి పడిందనుకున్నాను. కెవ్వుమని లేచాను. చిన్న కుర్చీ నాతో పాటు లేచింది, నడుముకి ఇరుక్కుని. చేతులతో భుజాలు దులుపుకుంటూ గదిలో చుట్టూ తిరిగాను. కార్డులన్నీ కింద పడ్డాయి. తౌతౌ చప్పట్లు కొట్టింది.

టీచరు మోక్ నా నడుముకున్న కుర్చీ లాగి తీసింది. "ఈ గదిలో బల్లులు లేవండీ" అంది.

"ఇంటి నుంచి వచ్చిందేమోనని" అన్నాను.

ఇది నేను నిజంగా అన్నాను.

నవంబరు 21

ఫోన్‌కి సమాచారం వచ్చింది. చోటు లేదట.

"పొక్ పొక్ అర్థం కాని బడి మనకెందుకే" అంది అత్తయ్య.

"మీ వల్లే" అన్నాను. "నా కూతురికి నోటినిండా మీ చప్పుళ్ళు కుక్కారు. మాట పట్టే చోటు మిగల్చలేదు."

ఆవిడ తాగుతున్న చారు గిన్నె కింద పెట్టింది. మెల్లిగా లేచి వెళ్ళి వంటింట్లో కూర్చుంది. ఒక్క చప్పుడు లేదు. లామ్ నన్ను చూసిన చూపు, పద్నాలుగేళ్ళలో ఎప్పుడూ అలా చూడలేదు.

నేనన్నది నిజమే. నిజం చెప్పినందుకు బాధ దేనికి?

నవంబరు 22

నిజమే కదా.

నవంబరు 24

ప్చ్.

నవంబరు 25

ఇంట్లోనే రాస్తున్నాను, భోజనాల బల్ల దగ్గరే. అత్తయ్య తొంగి చూస్తోంది. చూడనీ.

మధ్యాహ్నం ఆఫీసు భవనంలో కరెంటు పోయింది. ఐదింటికి అందరినీ పంపించేశారు. పద్నాలుగు అంతస్తులు మెట్లు దిగి, రైల్లో నిలబడే వచ్చి, ఆరున్నర కాకముందే మా అంతస్తులో ఉన్నాను. ఆ వేళప్పుడు ఆ వరండా చూసి ఎన్నాళ్ళయిందో.

లోపలి చెక్క తలుపు గాలి కోసం తీసి ఉంది. ఇనుప జాలీ తలుపు మాత్రం వేసి ఉంది. జాలీలోంచి మొత్తం కనిపిస్తోంది. బల్ల మీద నాలుగు గిన్నెలు. అత్తయ్య, లామ్, ఎత్తు కుర్చీలో తౌతౌ. నా కుర్చీ. నా గిన్నె మీద మూత. ఆవిరి పట్టిన చేప, ఆకుకూర, కాల్చిన మాంసం. అత్తయ్య చాప్‌స్టిక్స్ ముట్టకుండా చేతులు ఒళ్ళో పెట్టుకుని పిల్ల వైపు చూస్తోంది.

తౌతౌ అత్తయ్య వైపు తిరిగింది. "తాప్ తాప్, ఫాన్."

"ఆ, మా బంగారం. తిందాం."

లామ్ వైపు తిరిగింది. "క్వత్ క్వత్, ఫాన్."

"వచ్చా వచ్చా. తిందాం."

రెండు మాటలు! తాళంచెవి చేతిలోనే ఉండిపోయింది. ఎవరు, ఏమిటి. ఎవరు, ఏమిటి. రోజూ ఇదే జరుగుతోందా?

అప్పుడు తౌతౌ నా ఖాళీ కుర్చీ వైపు తిరిగింది.

"ట్చ్ ట్చ్, ఫాన్."

ఎవరూ పలకలేదు. పలకాల్సిన మనిషి లేదు కదా. అది ఆగి చూసింది. మళ్ళీ పిలిచింది, ఇంకాస్త గట్టిగా. "ట్చ్ ట్చ్! ఫాన్!"

"ఇంకా రాలేదమ్మా" అంది అత్తయ్య. "పనుంది. తర్వాత తింటుందిలే. నువ్వు తిను."

నాకు అప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు. ఇది సిగ్గు లేకుండా రాస్తున్నాను. అప్పటికీ నా బుర్రలో ఒక మూల, నా కుర్చీ మీద బల్లి ఉందా అనే అనుకున్నాను. తాళంచెవి తిప్పాను. తాళం మొరాయించింది. నా నోట్లోంచి దానంతట అదే వచ్చింది.

"ప్చ్. ప్చ్."

లోపల తౌతౌ మొహం వెలిగిపోయింది. కుర్చీలోంచి జారి, పరుగున వచ్చి, జాలీని రెండు చేతులా పట్టుకుని ఊపేసింది.

"ట్చ్ ట్చ్! ట్చ్ ట్చ్! ఫాన్!"

నేను ఆ జాలీకి ఇవతలే కూలబడ్డాను. అది నా వేళ్ళు పట్టుకుని లోపలికి లాగుతోంది. ఇంట్లో ఎవరి నోరు చేసే చప్పుడు వాళ్ళ పేరు. నా నోరు ఈ ఇంట్లో చేసేది ఒక్కటే చప్పుడు. జిప్పు దగ్గర, తాళం దగ్గర, కార్డుల దగ్గర, ఆవిడ తినేటప్పుడు, ప్రూఫు దిద్దేటప్పుడు. దానికది విసుగని తెలియదు. అమ్మ అనుకుంది.

లామ్ వచ్చి తలుపు తీశాడు. లోపలి నుంచి తేలిగ్గానే వస్తుంది.

"నీకు తెలుసా?" అన్నాను.

"తెలుసు."

"మరి బల్లి అన్నావు!"

"బల్లి అన్నది నువ్వు. నేను కాదనలేదు, అంతే." తల గోక్కున్నాడు. "ఏమని చెప్పమంటావు క్వాన్? నీ పేరు విసుగు అని చెప్పనా?"

"నాకు చెప్పాలని నాలుక దురద" అంది అత్తయ్య వెనక నుంచి. "నోరు తెరిస్తే చాలు, వీడు చారు తోసేవాడు. ఈ నెలలో ఎంత చారు తాగానో నాకే తెలుసు."

నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే ముక్కులోంచి ఎలాంటి చప్పుడొస్తుందో దానికి ఏ పుస్తకంలోనూ మాట లేదు. తౌతౌ ఆ చప్పుడు శ్రద్ధగా విని, అనబోయి, కుదరక వదిలేసింది.

నా కుర్చీలో కూర్చున్నాను. మూత తీశాను. తౌతౌ మళ్ళీ మొదటి నుంచి పిలుపులు మొదలుపెట్టింది, తాప్ తాప్ నుంచి, పద్ధతి ప్రకారం. నా వంతు వచ్చింది.

"ట్చ్ ట్చ్, ఫాన్."

"ఆ తల్లీ" అన్నాను. "తిందాం."

అత్తయ్య చేప ముక్క నోట్లో పెట్టుకుని, పెదవులు బిగించి, గోడ నములుతున్నట్టు నమలడం మొదలుపెట్టింది.

"అత్తయ్యా" అన్నాను. "చప్పుడు చేస్తూ తినండి. మొన్న అనకూడని మాట అన్నాను."

"ఏ మాట?" అంది. "నేను అప్పుడు వంటింట్లో ఉన్నాను. ఏం వినలేదు."

అబద్ధం. తర్వాత చేప తల అందుకుని నెల రోజుల బాకీ అంతా ఒక్కసారే తీర్చేసింది. తాప్ తాప్ తాప్. కింది అంతస్తు వాళ్ళకి కూడా వినిపించి ఉంటుంది. తౌతౌ నోట్లో అన్నం పెట్టుకోవడం మానేసి ఆవిడ నోటినే చూస్తూ కూర్చుంది.

నాకు ఇప్పటికీ ఆ చప్పుడు భరించడం కష్టమే. విసుక్కోబోయి ఆగాను. నేను ఆగడం లామ్ చూశాడు.

నవంబరు 26

రైల్లో. నిలబడి ఫోన్ చేశాను. సీటు దొరికేదాకా ఆగలేకపోయాను.

"మిస్ యిప్, తౌతౌ వాళ్ళమ్మని. రెండు మాటలు కలిపింది."

"నిజంగానా! ఏమంది?"

చుట్టూ జనం. ఆఫీసు బట్టల్లో, ఒకరి మీద ఒకరు పడుతూ. నేను ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకుని, నా కూతురు అన్నట్టే అన్నాను.

"ట్చ్ ట్చ్, ఫాన్."

పక్కనున్న పెద్దాయన తల తిప్పి చూశాడు. అవతల మిస్ యిప్ పెన్ను నొక్కిన చప్పుడు వినిపించింది.

"అంటే ఏమిటండీ?"

"అమ్మా, అన్నం" అన్నాను.